పైకి మాత్రమే వెళ్ళే గీత

నాలుగేళ్ళపాటు ఆమె రోజూ పొద్దున తొమ్మిదింటికి మరొకరి పేరు టైపు చేసి పని మొదలుపెట్టింది. రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేరుకు ఆ ఆఫీసులో ఒకటే లైసెన్సు. అది మేనేజరు పేరు మీద ఉంది. ఆయనకు దాన్ని తెరవడం రాదు. తెరవడం వచ్చిన ఆమెకు లైసెన్సు లేదు. అందుకని ఆయన పేరూ, పాస్‌వర్డూ ఒక పసుపుపచ్చ చీటీ మీద రాసి ఆమె కంప్యూటరుకు అంటించారు. ఆమె తయారుచేసిన ప్రతి చార్టు కిందా, ఎడమ మూలన, చిన్న అక్షరాల్లో ఆయన పేరు దానంతటదే పడేది. పై ఆఫీసువాళ్ళు ఆ చార్టులు చూసి మెచ్చుకున్నది ఆయన్ని. ప్రశంసాపత్రం రెండుసార్లు అందుకున్నదీ ఆయనే. రెండోసారి దానికి ఫ్రేము కట్టించుకు రమ్మని ఆమెనే పంపారు. వెళ్ళి తెచ్చింది. మేకు కొట్టాక నాలుగడుగులు వెనక్కి నడిచి, "కొంచెం ఎడంపక్కకి సార్," అని చెప్పింది కూడా.

అది అన్యాయమని ఆమెకు తెలియక కాదు. నేను అడిగితే, "పేరుదేముందండీ, పని నా చేతిలో ఉంది కదా అనుకున్నాను," అంది. మన ఆఫీసుల్లో సగం పని ఇలా అనుకునేవాళ్ళ భుజాల మీదే నడుస్తోంది. ఆడవాళ్ళు ఇంకాస్త ఎక్కువగా అనుకుంటారు. దాన్ని మనం వినయం అని పిలిచి చేతులు దులుపుకుంటాం. ఆ వినయానికి ఎవరు ఎంత మూల్యం చెల్లించారో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు కూడా ఆమె తన పేరు వద్దంది. ఆఫీసులో అందరూ ఆమెను చార్టులమ్మ అనేవారు. నేనూ అలాగే అంటాను.

ఆ నాలుగేళ్ళలో ఆఖరి రెండేళ్ళు ఆ ఆఫీసు పని, ఊరి చివర పెరిగిన కాలనీల్లో ఇంటింటికీ మంచినీటి కుళాయి బిగించడం. మొత్తం ఆరువేల నాలుగు వందల ఇళ్ళు, తొంభై ఆరు వారాల గడువు. వారానికి ఎన్ని కుళాయిలు బిగించారో చూపే చార్టు ఒకటి ఉండేది. దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. అందరికీ కావలసింది రెండోది. మొదటిరోజు నుంచి ఇప్పటిదాకా కూడుకుంటూ పోతే మొత్తం ఎన్నయ్యాయో చూపే చార్టు. అందులో రెండు గీతలు. ఏ వారానికి ఎన్ని కావాలని ముందే అనుకున్నారో అది బూడిదరంగు గీత. నిజంగా ఎన్ని అయ్యాయో అది నీలం గీత. ఈ చార్టంటే పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు ప్రాణం. ఎందుకంటే నీలం గీతకు దిగడం తెలియదు. వానలకు పని ఆగిన వారం కూడా అది కిందపడదు. ఉన్నచోట అడ్డంగా నిలబడి, పని మొదలవగానే మళ్ళీ ఎక్కుతుంది.

చార్టులమ్మకు నలభై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. అంతకుముందు పదకొండేళ్ళు పైపుల దుకాణంలో బిల్లులు రాసింది. ఈ సాఫ్ట్‌వేరు ఆమెకు ఎవరూ నేర్పలేదు. బస్సులో నిలబడి, ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, ఫోన్లో పాఠాలు చూసి నేర్చుకుంది. కుళాయిల పని మొదలైన నెలలోనే ఒక చిక్కు వచ్చిపడింది. నీలం గీత ఈ వారం దగ్గర ఆగకుండా ఇంకా రాని వారాల మీదుగా చార్టు చివరిదాకా బల్లపరుపుగా పాకింది.

"ఏంటమ్మా ఇది, గీత పడుకుండిపోయింది?" అన్నాడు మేనేజరు. "పైవాళ్ళు చూస్తే వచ్చే ఏడాదంతా మనం నిద్రపోతామనుకుంటారు."

"పడుకోలేదు సార్. ముందు వారాలకు లెక్కలు రాలేదు కదా. అందుకని ఇప్పటిదాకా ఉన్న మొత్తాన్నే పట్టుకుని ముందుకు ఈడ్చుకుపోతోంది."

"ఈడవొద్దని చెప్పు."

చెప్పడానికి మూడు రోజులు పట్టింది. కుళాయిలు బిగించే ఫిట్టర్లు ఫోన్లోంచి పంపిన చివరి ఫారం ఏ తేదీన వచ్చిందో ముందు అది వెతకాలి, ఆ తేదీ దాటిన వారాలన్నీ ఖాళీగా వదిలేయాలి. రెండు పంక్తుల ఫార్ములా. గీత సరిగ్గా ఆ వారం దగ్గర టక్కున ఆగిపోయినప్పుడు తన కుర్చీలో తను ఒక్కతే నవ్వుకుందట. ఆ సంగతి చెబుతున్నప్పుడు కూడా ఆమె ముఖంలో వెలుగు కనిపించింది. పనిని ప్రేమించే మనిషి. అది మరిచిపోవద్దు. తర్వాత జరిగినదాన్ని చదివి ఆమెను చేతకానిదని అనుకునేవాళ్ళు ఉంటారు.

ఆమెకు ఉన్నది ఒక్క అక్క. అమ్మ పోయేనాటికి చెల్లికి ఆరేళ్ళు, అక్కకు పద్దెనిమిది. జడ వేసింది, పలక కొనిచ్చింది, బడిలో ఎవరో కొడితే వెళ్ళి వాళ్ళమ్మతో కొట్లాడి వచ్చింది, అన్నీ అక్కే. నోరున్న మనిషి. ఇప్పుడు యాభై అయిదేళ్ళు, రెండు మోకాళ్ళూ వాచి ఉంటాయి. కుట్టుమిషన్లు రిపేరు చేసే బావతో, ఆ కాలనీల్లోనే ఒక వీధిలో, మూడో అంతస్తులో ఉంటుంది. యాభై నాలుగు మెట్లు. ఆ వీధికి కుళాయి లేదు. రోజు విడిచి రోజు సాయంత్రం నాలుగింటికి నీళ్ళ లారీ వస్తుంది, ఇరవై నిమిషాలు ఉంటుంది, పోతుంది. ఆ వేళకు బావ షాపులో ఉంటాడు. కాబట్టి బిందెలు మోసేది అక్క.

ప్రతి ఆదివారం చార్టులమ్మ అక్క ఇంటికి వెళ్ళేది. వెళ్ళిన ప్రతిసారీ బావ ఏదో ఒకటి అనకుండా ఉండడు.

"రండి ఇంజినీరు గారూ. ఊరందరికీ నీళ్ళిచ్చి అలిసిపోయి వచ్చారు. మా ఇంట్లో కాళ్ళు కడుక్కోవడానికి మాత్రం అరచెంబే ఉంది, సర్దుకోండి."

"మీ షాపు మిషన్లన్నీ కుడుతున్నాయా బావా? మీ చొక్కా గుండీ ఊడి నెలయింది."

"గుండీకేం, దారముంటే కుట్టుకుంటాం. నీళ్ళకి దారమెక్కడిది?"

ఒక ఆదివారం బావ నవ్వులాట లేకుండా ఒక విషయం చెప్పాడు. ఆయన తమ్ముడి ఇల్లు ఊరి లోపల ఉంది. కింది భాగం ఖాళీ అయింది. మెట్లు లేవు. వాకిట్లోనే కుళాయి. వస్తారా రారా, ఈ వారంలో చెప్పమని తమ్ముడు అడిగాడు. అక్కకు తన వీధి వదలాలని లేదు. ఇరవై ఏళ్ళుగా ఉన్న వీధి, పిలిస్తే పలికే మనుషులు. కానీ మోకాళ్ళు ఆమె మాట వినడం మానేశాయి.

"నువ్వే చెప్పవే," అంది అక్క. "మా వీధికి కుళాయి వస్తుందంటే ఉంటాం. రాదంటే వెళ్ళిపోతాం. ఎప్పుడొస్తుంది?"

చార్టులమ్మ ఫోను తీసి నీలం గీత చూపించింది. "ఈ ఎక్కుడు చూడక్కా. వారానికి డెబ్బై, ఎనభై ఇళ్ళు అవుతున్నాయి. బూడిదరంగు గీతని ఎప్పుడో దాటేశాం. మహా అయితే మూడు నెలలు. మీ వీధి చివర్లో ఉంది కాబట్టి ఆలస్యమవుతోంది, అంతే."

బావ తొంగిచూశాడు. "గట్టిగానే ఉన్నట్టుందే గీత. బట్టలారేసుకోవచ్చా?"

"మీరు ఊరుకోండి. మా చెల్లి లెక్క ఇంతవరకూ తప్పలేదు," అంది అక్క. "ఉందాం. మూడు నెలలేగా."

తమ్ముడికి వద్దని చెప్పేశారు. వారం తిరక్కుండా ఆ కింది భాగంలో ఎవరో దిగారు.

మూడు నెలలు గడిచాయి. తొంభై ఒకటో వారం సోమవారం పొద్దున ఫారాలన్నీ లెక్కలోకి వచ్చేసరికి నీలం గీత ఆరువేల నాలుగు వందల పన్నెండు దగ్గర ఆగింది. నూటికి నూరు దాటి పైన ఇంకొంచెం. మేనేజరు పదకొండింటికల్లా కేకు తెప్పించాడు. బుధవారం పెద్దల మీటింగు. పని పూర్తయిందని అందులో సంతకాలు చేసేస్తారు. గడువుకంటే అయిదు వారాలు ముందు.

కేకు ముక్క చేతిలో పెట్టుకుని చార్టులమ్మ అడిగింది. "సార్, ఉన్న ఇళ్ళకంటే బిగించిన కుళాయిలు ఎక్కువెలా అయ్యాయి?"

"కొత్తగా ఎవరైనా కట్టుకుని ఉంటారమ్మా. తిను, తిను."

అప్పుడే ఫోను మోగింది. అక్క. "ఏమే, నీ మూడు నెలలూ అయిపోయాయి. మా వీధిలో ఇంతవరకూ పలుగు కూడా పడలేదు. ఎక్కడున్నారు మీవాళ్ళు?"

చార్టులమ్మ ఫోను పెట్టేసింది. కుర్చీలో కూర్చుని చార్టు వెనక ఉన్న అసలు పట్టిక తెరిచింది. ఫోన్లలోంచి ఫిట్టర్లు పంపే ఫారాలు అందులో ఒక్కోటి ఒక్కో వరసగా పడతాయి. ఇంటి నంబర్ల ప్రకారం సర్ది చూసింది. ఒక నంబరు నాలుగుసార్లు కనిపించింది. ఇంకోటి మూడుసార్లు. రెండుసార్లు వచ్చినవి వందల్లో ఉన్నాయి.

మధ్యాహ్నం అన్నం వేళకు సామాన్ల షెడ్డుకు వెళ్ళింది. అక్కడ పెద్ద ఫిట్టరు పైపుల కట్ట మీద కూర్చుని టిఫిను డబ్బా మూత తీస్తున్నాడు.

"అన్నా, బస్టాపు ఎదురుగా మూల మీద ఇస్త్రీ షాపు ఉంది కదా. ఆ ఇంటికి ఎన్ని కుళాయిలు పెట్టారు?"

"ఎన్నేంటి చెల్లెమ్మా? ఒకటే. ఆయనేమైనా ఈతకొలను కట్టాడా?"

"లెక్కలో నాలుగున్నాయి."

"నాలుగుసార్లు వెళ్ళాను మరి. గోడ దగ్గర మలుపు ముక్క ఉంటుంది చూడు, ప్లాస్టిక్‌ది, అది రెండు ఎండలకే పగిలి ఊరుకుంటుంది. మళ్ళీ వెళ్ళి మార్చి రావాలి. సగం రోజులు మాకు అదే పని."

"మార్చి వచ్చినప్పుడు ఫోన్లో ఏం నొక్కుతారు?"

"ఏం నొక్కుతాం? ఉన్నది ఒక్క ఫారమే. ఇంటి నంబరు, ఫోటో, 'కుళాయి బిగించబడినది.' అది పంపితేనే ఆ రోజు హాజరు పడుతుంది. రిపేరుకి వేరే బటను ఎవరైనా ఇచ్చారా మాకు?"

ఎవరూ ఇవ్వలేదు. ఫారం పై ఆఫీసులో తయారైంది. ఫారం అంటే కొత్త కుళాయి అని పైవాళ్ళు అనుకున్నారు. ఫారం అంటే ఆ రోజు హాజరు అని ఫిట్టర్లు అనుకున్నారు. వరస అంటే ఒక ఇల్లు అని చార్టులమ్మ అనుకుంది. తొంభై వారాలు ఎవరి అనుకోవడం వాళ్ళది.

"ఒక్కమాట చెప్పొచ్చు కదన్నా," అంది ఆమె.

"చెప్పానమ్మా. మీ మేనేజరుకి మూడుసార్లు చెప్పా. రిపేర్లు కూడా కొత్తవాటిలో కలిసిపోతున్నాయేమో చూడండి సార్ అని. నీ పని నువ్వు చేసుకోవయ్యా అన్నాడు."

"నాకు చెప్పాల్సింది."

పెద్ద ఫిట్టరు ముద్ద కలుపుతున్నవాడు ఆగి చూశాడు. "నీకెందుకు చెప్తాను? చార్టులు చేసేది ఆయన కదా. కింద ఆయన పేరే ఉంటుంది."



తిరిగి వెళ్ళి ఫార్ములా మార్చింది. వరసలు లెక్కపెట్టొద్దు, ఇంటి నంబర్లు లెక్కపెట్టు. ఒక నంబరు మొదటిసారి కనిపించినప్పుడు ఒకటి అను, మళ్ళీ కనిపిస్తే వదిలెయ్యి. పది నిమిషాల పని. నీలం గీత తెర మీద కుంగి అయిదువేల రెండు వందల పదిహేడు దగ్గర నిలబడింది. ఎనభై ఒకటిన్నర శాతం. ఇంకా పదకొండు వందల ఎనభై మూడు ఇళ్ళకు కుళాయి లేదు. ఏడు వీధులకు అసలు ఒక్కటి కూడా లేదు. ఆ ఏడింటిలో ఒకటి అక్కది.

మేనేజరు గది తలుపు వేసి మాట్లాడాడు.

"ఇప్పుడా చెప్పేది? కేకు కూడా కోశాం."

"నాకూ ఇప్పుడే తెలిసింది సార్. తప్పు నాదే. నేను వరసలు లెక్కపెట్టాను. బుధవారం ఈ చార్టు పెడదాం. తవ్వే మిషన్లు ఇంకా ఇక్కడే ఉన్నాయి, గడువు అయిదు వారాలుంది. సంతకాలయిపోతే వెళ్ళిపోతాయి."

"పెడితే నువ్వూ పోతావు, నేనూ పోతాను. ఆ ఇళ్ళు ఎక్కడికీ పోవులే. మీటింగు కానివ్వు, చివరి రిపోర్టులో సర్దుదాం."

"పదకొండు వందల ఎనభై మూడు ఇళ్ళు సార్. మా అక్క వాళ్ళ వీధి కూడా..."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఓహో, అదా సంగతి. సొంత మనుషుల కోసం లెక్క మారుస్తున్నామన్నమాట."

ఆ ఒక్క మాటతో ఆమె నోరు పడిపోయింది. అది అబద్ధమని ఆయనకు తెలుసు, ఆమెకు తెలుసు. అయినా ఎవరైనా అలాగే అనుకుంటారేమో అన్న సిగ్గు ఆమెను పట్టుకుంది. నిజాయితీగా ఉండేవాళ్ళ నోరు మూయించడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి లేదు. నువ్వు నీ కోసం అడుగుతున్నావు అంటే చాలు. అడగకూడదా? నీళ్ళు లేని మనిషి చెల్లెలు నీళ్ళ గురించి అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు? ఈ మాట ఆ గదిలో ఆమెకు తోచలేదు. బయటికి వచ్చి పాత ఫార్ములా మళ్ళీ పెట్టింది. గీత మళ్ళీ నూరు దాటింది.

బుధవారం సంతకాలయ్యాయి. గురువారం సాయంత్రం ఇంటికి వెళుతుంటే, తవ్వే మిషన్లను ట్రైలరు మీద గొలుసులతో కట్టి తీసుకుపోతుండడం బస్సు కిటికీలోంచి చూసింది. శుక్రవారం చివరి రిపోర్టు సంగతి అడిగితే, "ఫైలు మూసేశారమ్మా," అన్నాడు మేనేజరు. ఆదివారం ఆమె అక్క ఇంటికి వెళ్ళలేదు. తలనొప్పిగా ఉందని ఫోన్లో చెప్పింది.

మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు అక్క రెండో అంతస్తు మలుపులో చంకలో ఒక బిందె, చేతిలో ఒక బిందెతో పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. కింద ఇంటివాళ్ళు మెట్ల మీద నీళ్ళు కారడం చూసి పైకి పరుగెత్తారు. ఆపరేషను చేశారు. ఎముక అతుక్కుంది కానీ సరిగ్గా అతుక్కోలేదు. ఆమె ఇక మెట్లు దిగడం, ఎక్కడం జరగదని డాక్టరు బావను పక్కకు పిలిచి చెప్పాడు. మూడో అంతస్తులో మంచం మీద ఉన్న మనిషికి ఆ మాటకు అర్థం ఒకటే. ఇక వీధిలోకి రావడం లేదని.

ఆ శుక్రవారం చార్టులమ్మ సరైన ఫార్ములా పెట్టి, చార్టు కింద రెండు వాక్యాలు రాసి, రిపోర్టు అందుకునే పందొమ్మిది మందికీ పంపింది. "ఇంతవరకు మీకు చూపించింది ఫారాల లెక్క. ఇది ఇళ్ళ లెక్క." సోమవారం ఆమెను పిలిచారు.

"ఇది ఎవరి పాస్‌వర్డుతో పంపావు?"

"సార్ పాస్‌వర్డుతో."

"ఎవరి అనుమతితో వాడావు?"

పక్కనే కూర్చున్న మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆమె నాలుగేళ్ళుగా వాడుతున్నానని చెప్పింది. అనుమతి కాగితం ఉందా అని అడిగారు. లేదు. ఆమె బల్ల దగ్గరకు వెళ్ళి చూస్తే చీటీ కూడా లేదు, జిగురు మరక మాత్రం ఉంది. నాలుగేళ్ళ చార్టులన్నీ ఆయనవి. ఆ ఒక్కటి మాత్రం ఆమెది. అధికారి పాస్‌వర్డును దుర్వినియోగం చేసినందుకు అని అర పేజీ కాగితం ఇచ్చి పంపేశారు. గీతను గంటలోపే పాతచోటికి ఎక్కించారట. పెద్ద ఫిట్టరు ఫోను చేసి చెప్పాడు.

ఇప్పుడు ఆమె తన గది ఖాళీ చేసి అక్క ఇంట్లో ఉంటోంది. లారీ వచ్చినప్పుడు బిందెలు మోసేది ఆమె. మొదటి వారాల్లో లైన్లో నిలబడడమే నరకంగా ఉండేది. "జరగండమ్మా, జరగండి, నూటికి నూరు శాతం వస్తోంది, దారివ్వండి," అనేది ఎదురింటావిడ. ఇంకొకామె, "మనకేం తక్కువ, కంప్యూటర్లో మనిళ్ళల్లో కుళాయిలు ధారగా పారుతున్నాయట," అనేది. చార్టులమ్మ తల వంచుకుని బిందె పట్టుకునేది. వాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళకు చేతికందిన మనిషి ఆమె ఒక్కతే.

అక్కకు నిజం చెప్పడానికి ఆమెకు నెల పట్టింది.

"అక్కా, తప్పు నాదే. నేను ఇళ్ళు లెక్కపెట్టలేదు, ఫారాలు లెక్కపెట్టాను."

"నాకదంతా అర్థం కాదే. తప్పులు ఎవరు చేయరు?" అంది అక్క. తర్వాత అడిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు పడడానికి ఎనిమిది రోజుల ముందు."

"చెప్పలేదే."

"తర్వాత సర్దుతామన్నారు. నేను నీ కోసం చేస్తున్నానన్నారు. అందుకని..."

అక్క గోడవైపు తిరగాలనుకుంది. నడుము సహకరించలేదు. పైకప్పు చూస్తూనే అంది. "నువ్వు చిన్నప్పుడు ఎవరైనా ఒక్క మాటంటే నేను వాళ్ళింటి మీదికి పోయేదాన్ని. నోరు మూసుకోవడం ఎక్కడ నేర్చుకున్నావే? నేనైతే నేర్పలేదు."

బావ ఆ గదిలోనే ఉన్నాడు. ఏ హాస్యమూ ఆడలేదు. చెప్పులు వేసుకుని కిందికి వెళ్ళిపోయాడు.

మర్నాడు చార్టులమ్మ ఒక నోటుపుస్తకం కొనుక్కుంది. ఆఫీసు పట్టిక ఆమె దగ్గర లేదు. తెచ్చుకుని ఉంటే అది దొంగతనమనేవారు. కాబట్టి మొదటి నుంచి మొదలుపెట్టింది. ఒక్కో తలుపు తట్టి, "మీ ఇంట్లో కుళాయి ఉందా? తిప్పితే నీళ్ళొస్తున్నాయా?" అని అడిగి, ఇంటి నంబరు రాసుకుని, కింద సంతకం పెట్టించుకుంటోంది. తిట్టి తలుపు వేసినవాళ్ళున్నారు. మొదటి సంతకం పెట్టింది మాత్రం ఆ ఎదురింటావిడే. "ఇస్తాలే కానీ, ఈసారైనా ఇళ్ళే లెక్కపెట్టు," అందట పెన్ను తీసుకుంటూ.

ఇప్పటికి కుళాయి లేని ఇళ్ళు ఆరువందల నలభై రాసుకుంది. ఇంకా అయిదు వందల నలభై మూడు ఉన్నాయి. పై ఆఫీసుకు ఆమె, నేను, ఆ వీధివాళ్ళు ఇద్దరు, నలుగురం కలిసి వెళ్ళాం. వాళ్ళు చెప్పింది ఇదీ: సంతకాలతో ఇళ్ళ జాబితా ఇస్తే మూసిన ఫైలు తెరిచే విషయం పరిశీలిస్తాం, రెండు నెలల్లోగా ఇవ్వాలి. అందులో మూడు వారాలు అప్పుడే అయిపోయాయి. సాయంత్రాలు నీళ్ళు మోసి, పూటపూటకీ అక్కకు పక్క మార్చి, మిగిలిన వేళల్లో ఒక్క మనిషి తలుపులు తడుతోంది. ఒక్కతి వల్ల కాదు.

అక్క తుంటి ఎముకను ఈ జాబితా బాగుచేయదు. చార్టులమ్మకు ఆ సంగతి నాకన్నా బాగా తెలుసు. అక్క మంచం పక్కన ఒక కుళాయి ఉండాలన్నది ఒక్కటే ఇప్పుడు ఆమెకు మిగిలిన కోరిక.

ఇక మీతో. మీరు ఆ కాలనీల్లో ఏ వీధిలో ఉన్నా, ఆమె మీ తలుపు తట్టేదాకా ఆగకండి. ఒక కాగితం మీద ఇంటి నంబరు, ఇంట్లో కుళాయి ఉందో లేదో, ఉంటే ఏ తేదీన తిప్పి చూస్తే నీళ్ళు రాలేదో రాసి, సంతకం పెట్టి ఆమెకు అందించండి. పక్కింటివాళ్ళకు రాయడం రాకపోతే మీరు రాసిపెట్టండి. ఖాళీ సమయమున్నవాళ్ళు ఒక్కో వీధి తీసుకోండి. అయిదుగురు చేతులు కలిపితే పది రోజుల పని.

మీరు వేరే ఊళ్ళో ఉంటే మీ ఊరి ఆఫీసు గోడ మీద కూడా ఇలాంటి గీత ఒకటి ఉంటుంది. కుళాయిలది కావచ్చు, మరుగుదొడ్లది కావచ్చు, టీకాలది కావచ్చు. వెళ్ళి చూడండి. అది దేన్ని కూడుతోందో అడగండి. గీత వద్దు, ఇళ్ళ జాబితా చూపించమనండి. ఆ జాబితాలో మీ నంబరు వెతకండి. లెక్కలో అయినట్టు ఉండి మీకు అందకపోతే అక్కడే రాసిచ్చి, దాని మీద ముద్ర వేయించుకుని, నకలు మీ దగ్గర పెట్టుకోండి. నీ కోసమే అడుగుతున్నావా అని అక్కడెవరైనా అంటే, అవును, నా కోసమే అని చెప్పండి.